పెద్దల పాటలు - ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలుగా పదిలపరచడం



మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పాడే పాటలు చాలావరకు పుస్తకాలకు ఎక్కినవి కావు. పెళ్ళిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, లాలిపాటలు - మాట ఒకటే అయినా ఒక్కో ఇంటికీ ఒక్కో వరస ఉంటుంది. ఆ వరస ఆ గొంతుతోనే వచ్చింది, దాచుకోకపోతే ఆ గొంతుతోనే పోతుంది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక ఈ విషయంలో ఒక మేలు జరిగింది. అమ్మమ్మ హారతి పాడుతూంటే మనవరాలు ఫోనులో రికార్డు చేస్తున్నది. విశాఖపట్నంలో ఉన్న పెద్దత్తగారు వాట్సాప్‌లో రెండు చరణాలు పాడి పంపుతున్నారు. అమెరికాలో ఉన్న పిన్నిగారు తన వంతు ఇంకో రెండు పంపుతారు. అలా ఏ ఇంట్లో చూసినా ఇరవై, ముప్ఫై ముక్కలు పోగుపడి ఉంటాయి.

వాటన్నిటినీ ఒక వరసలో పేర్చి, ఒకే ఫైలుగా చేసుకుంటే బాగుండునని అందరికీ ఉంటుంది. కలపడం పెద్ద కష్టమేమీ కాదు. ఆడాసిటీ అని కంప్యూటరులో వాడే ప్రోగ్రాము ఉన్నది. 2000 సంవత్సరం నుంచీ ఉచితంగా దొరుకుతున్నది. దానిలో ముక్కల్ని ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవచ్చు, మధ్యలో రెండు సెకన్ల ఖాళీ ఇచ్చుకోవచ్చు. చిక్కంతా చివరికి వచ్చేసరికి ఉంటుంది. ‘ఎక్స్‌పోర్ట్’ అని నొక్కగానే కంప్యూటరు ప్రశ్నలు మొదలుపెడుతుంది. ఏ ఫార్మాటు? శాంపుల్ రేటు ఎంత? మోనోనా, స్టీరియోనా? బిట్ రేటు ఎంత? పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా ఒకదానిమీద ఒకటి అడుగుతూంటే, మనం ఏదో ఒకటి నొక్కేసి ‘హమ్మయ్య’ అనుకుంటాం. కాని పాట నిలిచేదీ చెడేదీ ఆ నొక్కడంలోనే ఉన్నది.

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఏమి జరిగిందో చెబుతాను. ఆ ఇంటి పెద్దావిడకు ఎనభై దాటాయి. పెళ్ళిపాటలన్నీ కంఠోపాఠం. మనవలు ఓపిగ్గా రెండేళ్ళపాటు వీలైనప్పుడల్లా రికార్డు చేశారు. అన్నీ కలిపి, పంపుకోవడానికి తేలికగా ఉంటుందని, జాబితాలో అన్నిటికంటె చిన్న అంకె చూసి ఎక్స్‌పోర్ట్ చేశారు. ఫోనులో జాగా చాలక అసలు ముక్కలు తీసేశారు. తరవాత ఆవిడ పోయారు. సంవత్సరీకాలనాడు చుట్టాలందరూ వినాలని ఆ పాటలు పెద్ద స్పీకరులో పెడితే, గొంతు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించింది. ‘స’, ‘శ’ అక్షరాలు వచ్చినచోటల్లా బుడబుడమని చప్పుడు. ఫోనులో చిన్నగా విన్నప్పుడు ఆ తేడా ఎవరికీ తెలియలేదు. పారవేసినదాన్ని తిరిగి తెచ్చే ఉపాయం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.

కనుక మొట్టమొదట ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగిలిన ప్రశ్నలన్నీ సులువవుతాయి. ఆవకాయ పెట్టాక మనం ఏం చేస్తాం? పెద్ద జాడీకి వాసెన కట్టి అటకమీద పెడతాం. రోజూ వాడకానికి చిన్న సీసాలోకి కొంచెం తీసుకుంటాం. చెయ్యి పెట్టేది సీసాలో. జాడీ జోలికి పోం. పాటల ఫైలుకూ ఇదే పద్ధతి. జాడీలాంటి ఫైలు ఒకటి ఉండాలి, అందులో ఏదీ తగ్గకూడదు. పంపుకోవడానికి, ఫోనులో వినడానికి దానిలోంచి తీసిన సీసాలాంటి ఫైలు వేరే ఉండాలి. ఎక్స్‌పోర్ట్ ఒక్కసారి కాదు, రెండుసార్లు చెయ్యాలన్నమాట.

ఇప్పుడు మొదటి ప్రశ్న, ఫార్మాటు సంగతి చూద్దాం. పేర్లు ఎన్ని ఉన్నా ఇవి రెండే రకాలు. ఉన్న ధ్వనిని ఉన్నట్టు ఉంచేవి ఒక రకం, కొంత తీసేసి చిన్నది చేసేవి రెండో రకం. మొదటి రకంలో ‘వేవ్’ పాతది, 1991లో వచ్చింది. దాదాపు ప్రతి కంప్యూటరూ చదువుతుంది. ‘ఫ్లాక్’ అనేది 2001లో వచ్చింది. దీని తమాషా ఏమిటంటే, ఏమీ పోగొట్టకుండానే వేవ్ ఫైలును ఇంచుమించు సగానికి తెస్తుంది. పట్టుచీరను పొందికగా మడత పెట్టి పెట్టెలో పెట్టినట్టు. విప్పితే అదే చీర, అదే అంచు, ఒక్క పోగు తగ్గదు.

రెండో రకంలో మనకు బాగా తెలిసినది ‘ఎంపీ3’. ఫోనుల్లో వచ్చే ‘ఎం4ఎ’, వాట్సాప్ మాటల్లో వచ్చే ‘ఓపస్’ కూడా ఈ కోవలోవే. ఇవి మన చెవికి అంతగా పట్టని భాగాలను లెక్కకట్టి తీసేస్తాయి. పెద్ద చప్పుడు పక్కన ఉన్న చిన్న చప్పుడు మనకి వినపడదు కదా, అలాంటివన్నమాట. తగినంత తీస్తే తేడా తెలియదు. మరీ తీస్తే తెలుస్తుంది.

ఇక్కడ మీకో ముచ్చట చెప్పాలి. ఎంపీ3 పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ అనే జర్మనీ ఇంజనీరు. తన పద్ధతిని పరీక్షించడానికి ఆయన వాడుకున్న పాటల్లో ఒకటి సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాద్యాలేమీ లేకుండా పాడినది. బోలెడు వాద్యాలున్న పాటలు బాగానే వస్తూంటే, ఒంటరిగా పాడిన ఆ ఆడగొంతు మాత్రం మొదట్లో పాడైపోయి వినిపించిందట. దాన్ని సరిచెయ్యడానికి ఆయన ఆ పాటనే ఎన్నోసార్లు విన్నారు. మరి మన అమ్మమ్మలు పాడేదీ అలాగే కదా? తంబురా లేదు, హార్మోనియం లేదు, ఒట్టి గొంతు. దాపరికానికి పక్కన ఏ చప్పుడూ ఉండదు గనుక, లోపం వస్తే వెంటనే బయటపడుతుంది. అందుకే మన పాటల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం.

మీలో కొందరికి సందేహం రావచ్చు. ‘వాట్సాప్‌లో వచ్చిన ముక్క ముందే కుదించి ఉన్నది కదా, దాన్ని మళ్ళీ పెద్ద వేవ్ ఫైలుగా చేస్తే ఏం లాభం?’ అని. మంచి సందేహమే. వేవ్ చేసినంత మాత్రాన పోయినది తిరిగి రాదు. మజ్జిగలో నీళ్ళు ఎక్కువయ్యాక గిన్నె మార్చితే చిక్కబడదు. కాని ఇంకో చెంబుడు నీళ్ళు పడకుండా ఆపగలం. పాత రోజుల్లో క్యాసెట్టునుంచి క్యాసెట్టుకు పాట ఎక్కించుకున్నవాళ్ళకి ఇది తెలుసు. ఒక కాపీ బాగానే ఉండేది, కాపీకి కాపీ తీస్తే గరగర పెరిగేది, మూడోదానికి పాటకంటె బుస ఎక్కువ. కుదించిన ఫైళ్ళను కలిపి, మళ్ళీ కుదించి, దాన్ని మళ్ళీ తెరిచి ఇంకో పాట చేర్చి మళ్ళీ కుదిస్తే జరిగేది అదే. కొత్త పాట చేర్చదలచినప్పుడు జాడీ ఫైలునే తెరిచి చేర్చండి. సీసా ఫైలును తెరిచి కూర్పులు చెయ్యవద్దు.

రెండో ప్రశ్న శాంపుల్ రేటు. కంప్యూటరు ధ్వనిని సెకనుకు ఇన్నిసార్లు అని కొలిచి వ్రాసుకుంటుంది. మనిషి చెవి వినగలిగేది సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు. ఎంత పై ధ్వని కావాలో దానికి రెట్టింపుకంటె ఎక్కువసార్లు కొలవాలి. అందుకే సీడీలకు 44,100 అనే లెక్క పెట్టారు. వీడియోలకు 48,000 వాడుక. పాత ఫోనుల్లో ‘ఏఎంఆర్’ అనే రకం రికార్డింగులు ఉంటాయి, వాటిలో ఎక్కువగా కనిపించేది 8,000 మాత్రమే. అందుకే ఆ గొంతులు టెలిఫోనులో మాట్లాడినట్టుంటాయి.

మీ దగ్గరున్న మంచి ముక్కల్లో ఎక్కువ భాగం ఏ లెక్కలో ఉన్నాయో చూసి, అదే ఎన్నుకోండి. చెరిసగం ఉంటే 48,000 పెట్టండి. 8,000 ముక్కలు వాటిలో కలిసినా ఫరవాలేదు, కాని అంకె పెరిగినందువల్ల వాటి గొంతు బాగుపడుతుందని ఆశపడవద్దు. అలాగే 96,000, 1,92,000 అనే పెద్ద అంకెలు కనిపిస్తే మోజుపడనక్కరలేదు. ఫైలు లావెక్కడం తప్ప మన పాటలకు ఒరిగేది లేదు.

ఆడాసిటీ వంటి ప్రోగ్రాములు వేరువేరు లెక్కల్లో ఉన్న ముక్కల్ని తామే సరిపుచ్చుతాయి. మరికొన్ని ప్రోగ్రాములు ముక్కల్ని మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు అతికిస్తాయి. అన్నీ ఒకే ఫోనులో, ఒకే పద్ధతిలో రికార్డు చేసినవైతే అది చాలా మంచి మార్గం, ఎందుకంటే మళ్ళీ కుదించడమనేదే ఉండదు. కలగాపులగంగా ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు. 48,000 లెక్కన ఉన్న పాటను 44,100 లెక్కన వినిపిస్తే, పాట నూటికి ఎనిమిది వంతులు నెమ్మదిస్తుంది, శ్రుతి ఇంచుమించు ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది. ‘ఇది మా అత్తయ్య గొంతేనా?’ అని అనుమానం వస్తుంది.

మూడోది మోనో, స్టీరియో. మోనో అంటే ఒకే ధార. స్టీరియో అంటే కుడిచెవికి ఒకటి, ఎడమచెవికి ఒకటి. ఒక్కరు కూర్చుని పాడిన పాటకు మోనో చాలు, వేవ్ ఫైలు సగానికి తగ్గుతుంది కూడా. నలుగురు చేరి పాడిన పెళ్ళిపాట, కచేరీ వంటివి స్టీరియోలో రికార్డు చేసి ఉంటే స్టీరియోగానే ఉంచండి. రెండు రకాలూ కలిసి ఉంటే మొత్తం ఫైలును స్టీరియో చెయ్యండి, మోనో ముక్కలు రెండు చెవులకూ సమానంగా వస్తాయి. ఏదైనా పాట ఒక్క చెవిలోనే వినిపిస్తున్నదేమో మాత్రం ఇయర్‌ఫోను పెట్టుకుని ముందే చూసుకోండి. అలాంటిది ఉంటే, వినిపించే ధారను మాత్రం ఉంచి ఆ ముక్కను మోనో చేసేస్తే సరిపోతుంది.

జాడీ ఫైలుకు ఇంకో ప్రశ్న అడుగుతుంది - 16 బిట్లా, 24 బిట్లా అని. ధ్వని హెచ్చుతగ్గులను ఎన్ని మెట్లుగా కొలవాలన్నది దీని అర్థం. 16 అంటే 65,536 మెట్లు. ఫోను రికార్డింగులకు అవి ధారాళంగా చాలు. ముందుముందు శబ్దం పెంచడం, తగ్గించడం వంటి పని ఉందనుకుంటే 24 పెట్టండి. 32-బిట్ ఫ్లోట్ అనేది పని మధ్యలో దాచుకోవడానికి మంచిదే కాని, అన్ని యంత్రాలూ దాన్ని వినిపించవు.

ఎక్స్‌పోర్ట్ నొక్కేముందు శబ్దం హెచ్చుతగ్గులు సరిచూడాలి. ఒకరు ఫోను నోటిదగ్గర పెట్టుకుని పాడతారు, ఒకరు గది అవతలనుంచి పాడతారు. ఉన్నవి ఉన్నట్టు కలిపితే, వినేవాళ్ళు ఒక పాటకు పెంచుతూ ఇంకో పాటకు ఉలిక్కిపడి తగ్గిస్తూ కూర్చోవాలి. ఆడాసిటీలో ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ అని ఉన్నది. ప్రతి ముక్కకూ విడివిడిగా ఒకే అంకె ఇస్తే అన్నీ ఒక తీరుకు వస్తాయి. ఆ తరవాత అన్నిటినీ కలిపి ఒకేసారి పెంచుకోండి. అన్నిటికంటె పెద్ద శబ్దం సున్నా డెసిబెల్ గీతకు ఒక డెసిబెల్ కిందనే ఆగాలి. గీత దాటినచోట గొంతు చీలిపోతుంది. ఎంపీ3గా కుదించేటప్పుడు శబ్దం ఒక్కొక్కసారి కొద్దిగా పైకి లేస్తుంది కూడా, అందుకని ఆ కాస్త జాగా అవసరం. ఇంకొక్క సంగతి - వెనకాల వినిపించే కుక్కరు కూత, చంటిపిల్ల ఏడుపు జాడీ ఫైలులో తుడిచెయ్యకండి. తుడిచే యంత్రం వాటితోపాటు గొంతులోని నునుపును కూడా కొంత తుడిచేస్తుంది. అంతగా కావాలంటే సీసా కాపీలో చేసుకోవచ్చు.

ఇక సీసా ఫైలుకు వద్దాం. కారులోనూ, పాత ప్లేయరులోనూ, ఏ ఫోనులోనైనా వినిపించాలంటే ఎంపీ3యే నమ్మకమైనది. ఇక్కడ వచ్చే ప్రశ్న బిట్ రేటు, అంటే సెకను పాటకు ఎంత సమాచారం ఉంచమంటారు అని. ఒట్టి మాటలకు, మోనోలో 64 కిలోబిట్లు సరిపోతాయి. గంటకు సుమారు 29 మెగాబైట్లు అవుతుంది. ఒక్క గొంతు పాటకు, మోనోలో 96 గాని 128 గాని ఇవ్వండి. 128కి గంటకు సుమారు 58 మెగాబైట్లు. స్టీరియోలో వీణో, హార్మోనియమో తోడుంటే 192 పెట్టండి, గంటకు సుమారు 86 మెగాబైట్లు. ఒక్క విషయం గమనించండి. స్టీరియోలో 128 అంటే ఆ 128నే రెండు ధారలూ పంచుకోవాలి. అదే మోనో అయితే మొత్తం ఒక్క గొంతుకే దక్కుతుంది. ‘కాన్‌స్టంట్’, ‘వేరియబుల్’ అని అడిగితే కాన్‌స్టంట్ అనండి. రెండోది తెలివైనదే కాని, కొన్ని పాత ప్లేయర్లు పాట నిడివిని తప్పుగా చూపిస్తాయి. జాడీ ఫైలు మాటకొస్తే, 48,000 లెక్కన 16 బిట్ల మోనో వేవ్ గంటకు సుమారు 345 మెగాబైట్లు. పెన్‌డ్రైవులో అది ఒక మూలకు సరిపోతుంది. వేవ్ ఫైలు మామూలుగా 4 గిగాబైట్లు దాటి పెరగలేదని కూడా గుర్తుంచుకోండి. అంత పెద్ద కూర్పు అయితే ఫ్లాకులో దాచండి, లేదా రెండు భాగాలు చెయ్యండి.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పేరు, గాయకులు, సంవత్సరం అని ఖాళీ గళ్ళు కనిపిస్తాయి. చాలామంది వాటిని దాటేస్తారు. దయచేసి నింపండి. ఎవరు పాడారు, ఏ ఊరివారు, ఎప్పుడు రికార్డు చేశారు, ఏ సందర్భంలో పాడే పాట - అన్నీ తెలుగులోనే వ్రాసుకోవచ్చు. ఇవాళ మనకి గొంతు వినగానే తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ తరవాత మన మనవలకి ఎవరు చెబుతారు? ఈ వివరాలు వేవ్‌లో అంత స్థిరంగా ఉండవు, ఫ్లాకులో బాగా ఉంటాయి. అందుకని నన్నడిగితే జాడీకి ఫ్లాకే మేలంటాను. ఎన్నో నిమిషంలో ఏ పాట వస్తుందో ఒక కాగితంమీద కూడా వ్రాసి ఉంచుకోండి.

కాగితం, పెన్సిలు దగ్గరుంటే ఇప్పుడు క్లుప్తంగా వ్రాసుకోండి. జాడీకి: ఫ్లాక్ లేదా వేవ్, 48,000 లేదా 44,100, 16 బిట్లు, పని మిగిలి ఉంటే 24, ఒక్కరు పాడినదైతే మోనో. సీసాకి: ఎంపీ3, కాన్‌స్టంట్, మాటలకు 64, ఒంటిగొంతు పాటకు 128, వాద్యాలున్న స్టీరియోకి 192. పెద్ద శబ్దం సున్నాకు ఒక డెసిబెల్ కింద.

ఇదంతా అయ్యాక ఫైలును మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి పూర్తిగా వినండి. వంట చేసుకుంటూ వినవచ్చు. ఇయర్‌ఫోనులో కొంత, పెద్ద స్పీకరులో కొంత వినండి. ఇంకొకరి ఫోనులో తెరుచుకుంటున్నదో లేదో చూడండి. అసలు ముక్కలను అప్పుడు కూడా తీసెయ్యవద్దు. జాడీ ఫైలూ, అసలు ముక్కలూ మూడు కాపీలుగా ఉంచండి - కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులోగాని హార్డ్ డిస్కులోగాని ఒకటి, వేరే ఊళ్ళో ఉన్న అక్కయ్యగారింట్లోనో ఇంటర్‌నెట్ నిలవలోనో ఒకటి. ఒక చోట నీళ్ళు పడినా, దొంగలు పడినా ఇంకో చోట పాట ఉంటుంది.

చివరిగా ఒక్క మాట. ఎక్స్‌పోర్ట్ సెట్టింగు ఎంత మంచిదైనా, రికార్డు చేసినప్పుడు లేనిది కొత్తగా తేలేదు. పాడినవారు ఇంకా మన మధ్య ఉంటే, రికార్డు చేసే ముందే ఫోను సెట్టింగుల్లో నాణ్యత అన్నిటికంటె పైదానిలో పెట్టుకోండి. కొన్ని ఫోనుల్లో ‘లాస్‌లెస్’ అని ఉంటుంది, అదైతే మరీ మంచిది. ఫ్యాను ఆపి, మూరెడు దూరంలో ఫోను పెట్టి, అదే పాట ఇంకొక్కసారి పాడమని అడగండి. అడిగితే కాదనే పెద్దవాళ్ళు తక్కువ. ఈ ఆదివారమే అడగండి.

సెలవు.